వందేళ్ల నాటి మిలటరీ హోల్‌స్టర్: నూనె సీసా తీసే ముందు

పాత తోలు హోల్‌స్టర్, అంటే బెల్టుకు తగిలించుకునే రివాల్వర్ సంచీ, చేతికి రాగానే దాదాపు అందరికీ తట్టే మాట ఒకటే: తోలు ఎండిపోయింది, కాస్త నూనె పట్టిస్తే మెత్తబడి నిగనిగలాడుతుంది. వానలకూ దుమ్ముకూ తట్టుకుని వందేళ్లు నిలిచిన హోల్‌స్టర్లను ఈ ఒక్క ఆలోచన పాడుచేసినంతగా ఇంకేదీ పాడుచేయలేదని నేను గట్టిగా నమ్ముతాను. 'ఎండిపోయింది' అని ఒక్క మాటలో తేల్చేసేదాని వెనక నాలుగైదు వేర్వేరు సంగతులు ఉంటాయి. అందులో కొన్ని అసలు జబ్బులే కావు. కొన్ని జబ్బులే గానీ నూనెకు లొంగవు. ఒకటి మాత్రం నూనె తగిలితే ఇంకా ముదురుతుంది. ఏది ఏదో తెలియకుండా చెయ్యి పెట్టడమే చిక్కు.

విషయం గాల్లో తేలిపోకుండా ఒక నిజమైన వస్తువును ముందు పెట్టుకుందాం. మన దేశంలో పాత సామాన్లలో, ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన కుటుంబాల పెట్టెల్లో ఇప్పటికీ కనిపించేది బ్రిటిష్ కాలపు శామ్ బ్రౌన్ హోల్‌స్టర్. గోధుమరంగు మందపాటి తోలు, రివాల్వర్ పిడిని పూర్తిగా కప్పే పై మూత, దాన్ని బిగించే ఇత్తడి గుండీ, వెనక బెల్టుకు తగిలించే పట్టీలు. దీని కథ మన గడ్డ మీదే మొదలైంది. 1858 ఆగస్టు 31న పీలీభీత్ ప్రాంతంలోని సీర్‌పూరా దగ్గర తిరుగుబాటు సేనలతో జరిగిన పోరులో, 2వ పంజాబ్ ఇర్రెగ్యులర్ కావల్రీ అనే గుర్రపు దళం కెప్టెన్ శామ్యూల్ బ్రౌన్ ఒక ఫిరంగి మీదికి గుర్రం దూకించాడు. రెండు కత్తి వేట్లు పడ్డాయి. ఒకటి ఎడమ మోకాలికి తగిలింది, రెండోది ఎడమ చేతిని భుజం దగ్గర తెగ్గొట్టింది. ఆ పోరుకు విక్టోరియా క్రాస్ వచ్చింది. కానీ కత్తి దూసేటప్పుడు ఒరను పట్టుకోవడానికి రెండో చెయ్యి లేకుండా పోయింది. అందుకని నడుం బెల్టుకు కుడి భుజం మీదుగా ఒక పట్టీ జోడించి, ఒర ఊగిపోకుండా ఒకచోట నిలిచేలా చేసుకున్నాడు. అదే బెల్టుకు మూత ఉన్న రివాల్వర్ సంచీ చేరింది. మొదట ఇక్కడి దళాల అధికారులు దాన్ని పట్టుకున్నారు. తర్వాత బ్రిటిష్ సైన్యమంతా తీసుకుంది.

హోల్‌స్టర్ లోపల ఉండే ఆయుధం చాలాసార్లు వెబ్లీ అనే బ్రిటిష్ రివాల్వర్. .455 అంగుళాల తూటా వాడే వెబ్లీ మార్క్ 1 రివాల్వర్‌ను బ్రిటిష్ సైన్యం 1887లో తీసుకుంది. దాని గొట్టం 4 అంగుళాలు. 1915లో వచ్చిన మార్క్ 6కు 6 అంగుళాల గొట్టం. కాబట్టి ఖాళీ హోల్‌స్టర్ లోపలి పొడవు కొలిస్తేనే సగం సంగతి తేలుతుంది. పొట్టి సంచీని 'మార్క్ 6ది' అని ఎవరైనా అమ్మజూపితే అక్కడే ఆగాలి. అలాగని పొడవు ఒక్కటే చూసి సంవత్సరం తేల్చేయకూడదు. ఆ రోజుల్లో అధికారులు రివాల్వర్‌నూ హోల్‌స్టర్‌నూ సొంత డబ్బుతో కొనుక్కునేవారు. సర్కారు తూటా పడితే చాలు, ఫలానా తయారీదే ఉండాలన్న పట్టుదల లేదు. అందుకే ఒకే కాలపు రెండు హోల్‌స్టర్లు ఒకేలా ఉండకపోవచ్చు. సొంతంగా కొన్నవాటి మీద దుకాణం పేరో, అసలు ఏ గుర్తూ లేకపోవడమో సహజం. సర్కారు గిడ్డంగి నుంచి ఇచ్చినవాటి మీద బాణపు ములుకు ముద్ర ఉంటుంది. భారత ప్రభుత్వ సొత్తయితే ఆ ములుకు కింద ఇంగ్లిషు 'ఐ' అక్షరం కనిపిస్తుంది. 1860ల్లో కాన్పూరులో పెట్టిన జీనుల కర్మాగారం సైన్యానికి తోలు సామాను చేసిపెట్టిన పెద్ద కేంద్రం. ఇప్పుడు దాని పేరు ఆర్డ్‌నెన్స్ ఎక్విప్‌మెంట్ ఫ్యాక్టరీ.

రంగు గురించి ఒక చిన్న మాట. నల్లగా ఉంది కాబట్టి తర్వాత ఎవరో రంగు వేశారని అనుకోవద్దు. రైఫిల్ రెజిమెంట్ల అధికారులు నల్లతోలే కట్టేవారు. పై మూత ఎత్తి దాని నీడలో ఉండిపోయిన భాగం చూడండి. వెలుతురు తగలని ఆ చోట మొదటి రంగు ఇంకా మిగిలి ఉంటుంది. బయట నలుపు, మూత కింద కూడా అదే నలుపు అయితే అది పుట్టు రంగే అని చాలావరకు నమ్మొచ్చు. బయట నలుపుగా ఉండి కుట్టు దారం కూడా నల్లబడి, మూత కింద గోధుమ రంగు తేలితే మధ్యలో ఎవరో రంగు పూశారు.

ఇక అసలు విషయం, తోలు. పచ్చి చర్మాన్ని అలాగే వదిలేస్తే కుళ్లుతుంది. చెట్ల బెరడులోనో కాయల్లోనో ఉండే టానిన్‌ను అందులోకి ఎక్కిస్తే చర్మంలోని కొలాజెన్ పోగులు ఒకదానికొకటి పట్టు కట్టి, కుళ్లని తోలవుతుంది. దీన్నే తోలు పదును చేయడం అంటాం. ఆ కాలపు సైనిక తోలంతా దాదాపు ఇలా బెరడుతో పదును చేసిందే. కాన్పూరులో ప్రధానంగా తుమ్మ బెరడు. దక్షిణాన మద్రాసు ప్రెసిడెన్సీలో తంగేడు చెక్క. బతుకమ్మలో పేర్చే తంగేడే, ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర పుష్పం అయిన తంగేడే. మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు నుంచి ఓడలెక్కిన తంగేడు తోళ్లు బ్రిటిష్ సైనికుల బూట్లకు పైతోలుగా వెళ్లాయి. ఆ తోలుకు వెలుతురు తగిలితే ఎర్రబడే గుణం ఉంది. అందుకే మన దగ్గర చివర్లో కరక్కాయ నీళ్లలో నానబెట్టే అలవాటు ఉండేది.

ఈ చెట్ల సంగతి ఎందుకు చెప్పానంటే, హోల్‌స్టర్‌కు వచ్చే అన్నిటికంటే చెడ్డ జబ్బు దీనితో ముడిపడి ఉంది. దాన్ని రెడ్ రాట్ అంటారు. తోలు మీద చెయ్యి పెడితే వేళ్లకు ఇటుకరంగు పొడి అంటుకుంటుంది. పైపొర పొలుసులుగా లేస్తుంది. కింద పోగులు వదులై దూదేకినట్టు తేలతాయి. టానిన్లలో రెండు పెద్ద తెగలున్నాయి. కరక్కాయ, మాజూఫలం లాంటివి ఒక తెగ. తంగేడు చెక్క, దక్షిణ అమెరికా క్వెబ్రాకో చెట్టు, ఆస్ట్రేలియా తుమ్మ జాతి చెట్ల బెరడు రెండో తెగ. గాలిలోని సల్ఫర్ డయాక్సైడ్ తోలులోకి దిగి, నెమ్మదిగా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి, కొలాజెన్ పోగులను ముక్కలు చేస్తుంది. రెండో తెగ టానిన్‌తో చేసిన తోలు ఈ దాడికి ఎక్కువగా లొంగుతుంది.

ఈ సంగతి బయటపడింది తుపాకీ సంచుల వల్ల కాదు, పుస్తకాల అట్టల వల్ల. లండన్‌లో గ్యాస్ దీపాలు వెలిగే గ్రంథాలయాల్లో తోలు అట్టలు పొడిపొడి అవుతుంటే, ఆ గ్యాస్ నుంచి వచ్చే గంధకపు పొగే కారణమై ఉంటుందని 1843లోనే శాస్త్రవేత్త మైకేల్ ఫారడే అనుమానించాడు. తర్వాత లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ నియమించిన సంఘం 1905లో ప్రచురించిన నివేదిక ఏ బెరడు తోలు నిలుస్తుంది, ఏది నిలవదు అన్నది విడదీసి చెప్పింది. నిలవనివాటిలో మన తంగేడు చెక్కతో చేసి ఎగుమతైన తోళ్లు కూడా ఉన్నాయి. తంగేడు తోలుకు ఇది తప్పు కాదు. బూటుకు కావలసిన మెత్తదనం, తక్కువ ఖర్చు, త్వరగా పదును కావడం దాని గొప్పలు. బూటు రెండేళ్లు నిలిస్తే చాలనుకుని చేసిన తోలు వందేళ్లు నిలవాలని ఎవరూ చేయలేదు. హోల్‌స్టర్ కూడా అంతే.

రెడ్ రాట్ ఉందో లేదో చూడటానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. బల్ల మీద తెల్ల కాగితం పరిచి దాని మీద హోల్‌స్టర్‌ను పెట్టండి. మూతను ఎంత తేలిగ్గా లేస్తే అంతవరకే ఎత్తండి, అంతకు మించి బలవంతం చేయొద్దు. టార్చి పట్టి మూత మడత లోపలి వైపు చూడండి. ఎన్ని వేలసార్లు తెరిచి మూసినా భారమంతా పడేది ఆ అంగుళం మేర తోలు మీదే. అక్కడ సన్నగీతలు మాత్రమే ఉంటే పైపొర అలసింది, అంతే. గీతల అడుగున ఎర్రటి పోగులు తేలి, కాగితం మీద పొడి రాలి ఉంటే అది రెడ్ రాట్. కింది మొన, బెల్టు పట్టీల అంచులు, గుండీ దూరే చీలిక చుట్టూ కూడా ఇలాగే చూడాలి. నీటి చుక్క వేసి పరీక్షించమని కొందరు చెబుతారు. వద్దు. ఈ జబ్బు పట్టిన తోలు మీద నీరు పడితే ఆ చోట క్షణంలో నల్లబడి, ఆరాక గట్టిపడుతుంది. ఆ మచ్చ ఇక పోదు.

ఇప్పుడు నూనె సంగతి. ఆరోగ్యంగా ఉన్న తోలులో బరువులో పది పన్నెండు శాతం దాకా తేమ ఉంటుంది. బిరుసెక్కిన పాత తోలు చాలాసార్లు కోల్పోయింది ఈ తేమనే, కొవ్వును కాదు. ఆమ్లం కొరికి ముక్కలైన పోగులకు నూనె పట్టించడం చివికిపోయిన తాడుకు నూనె పట్టించినట్టే. ఒకరోజు మెత్తగా అనిపిస్తుంది, బలం మాత్రం రాదు. పైగా వదులైన పోగులు నూనెను లెక్కలేనంత పీల్చుకుంటాయి. తోలు నల్లబడుతుంది, ఆకారం జారిపోతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నూనె గాలికి జిగురుపట్టి దుమ్మును పట్టుకుంటుంది, బూజుకు మేతవుతుంది. పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనెను గత శతాబ్దంలో గ్రంథాలయాల్లో కూడా తోలు అట్టలకు పట్టించేవారు. తర్వాత దాని ఫలితాలు చూసి, పాత వస్తువులను కాపాడే పరిరక్షకులు ఆ పని చాలావరకు మానేశారు. కొబ్బరినూనె, ఆముదం, షూ పాలిష్, తోలు సోఫాలకు అమ్మే క్రీములు అన్నిటికీ ఇదే మాట. వాడుకలో ఉన్న చెప్పుకూ బెల్టుకూ నూనె మంచిదే, అవి వంగాలి, నీళ్లలో తడవాలి. అలమరలో కదలకుండా పడుకునే వస్తువుకు వంగాల్సిన పనే లేదు.

వేసవిలో మన ఊళ్లలో ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. ఒక తోలును నీళ్లలో నెమ్మదిగా వేడి చేస్తూ పోతే ఏదో ఒక వేడి దగ్గర అది ఒక్కసారిగా ముడుచుకుపోతుంది. కొత్త బెరడు తోలుకు అది 75 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ మధ్య. చివికిన తోలుకు 60కి, ఒక్కోసారి 50కి కూడా దిగిపోతుంది. చెమ్మ పట్టిన పాత హోల్‌స్టర్‌ను మే నెల ఎండలో ఆరబెట్టడం, కారు అద్దం ముందు పెట్టి వదిలేయడం ఎంత చేటో దీన్నిబట్టి తెలుస్తుంది. ముడుచుకున్న తోలును తిరిగి సాగదీయడం ఎవరి వల్లా కాదు.

తోలు మీద తెల్లగా కనిపించేదంతా బూజు కాదు. నూనెలు పట్టించిన తోలులోంచి కొవ్వు ఆమ్లాలు చల్లటి రోజుల్లో పైకి తేలి పలచటి తెల్లపొరలా పేరుకుంటాయి. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ చేయాల్సిన పని వేరు. భూతద్దం పెట్టి చూస్తే బూజు నూగులా, సన్నటి పోగులుగా కనిపిస్తుంది. కొవ్వు పొర మైనంలా చదునుగా ఉంటుంది. ఇంకా అనుమానముంటే సూది మొనతో రవ్వంత గీకి ఒక చెంచాలో వేసి కింద నుంచి కాస్త వేడి తగిలించండి. కరిగితే కొవ్వు, కరగకపోతే బూజు. కొవ్వును పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. బూజయితే ముందు ఆ హోల్‌స్టర్‌ను మిగతా వస్తువుల నుంచి వేరు చేసి, గాలి ఆడే నీడచోట పెట్టాలి. పూర్తిగా పొడి అయ్యాక, ముక్కుకు మాస్కు కట్టుకుని మెత్తటి కుంచెతో ఇంటి బయట దులపాలి. తడిగా ఉన్నప్పుడు రుద్దితే బూజు లోపలికే పోతుంది.

ఇత్తడి గుండీ చుట్టూ పచ్చగా మైనంలా పట్టేది చిలుము. ఇత్తడిలోని రాగి, తోలులోని కొవ్వు ఆమ్లాలు కలిసి తయారయ్యేది అది. ఇక్కడ కూడా చూడండి, నూనె ఎంత ఎక్కువ పట్టిస్తే చిలుము అంత ఎక్కువ. దాన్ని వెదురు పుల్లతోనో పళ్లపుల్లతోనో మెల్లగా గీకి తీయాలి. ఇత్తడి మెరుగుకు వాడే ద్రవాలు తోలుకు తగిలితే మచ్చ పడుతుంది. చింతపండు అయితే అసలే వద్దు, ఆమ్లంతో అల్లాడుతున్న తోలుకు ఇంకాస్త ఆమ్లం అందించినట్టవుతుంది.

కుట్టు దగ్గర కొంచెంసేపు ఆగాలి. అసలు కుట్టు అవిసె నార దారంతో, తేనె మైనం పట్టించి, రెండు సూదులతో ఎదురెదురుగా వేసింది. దారం చివికి అక్కడక్కడ తెగి ఉండటం మామూలే, దానివల్ల వస్తువు విలువకు పెద్దగా తరుగు రాదు. తరుగు వచ్చేది తర్వాత ఎవరో నైలాన్ దారంతో తిరిగి కుట్టించినప్పుడు. రంధ్రాలు లెక్క చూడండి. పాత రంధ్రాల పక్కనే కొత్త రంధ్రాలు కనిపిస్తే రెండోసారి సూది దిగిందన్నమాట. అతినీలలోహిత టార్చి కింద చాలా కొత్త దారాలు నీలంగా మెరుస్తాయి, ఎందుకంటే వాటిలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలుంటాయి. అప్పటి నార దారంలో అవి లేవు. అయితే సైన్యంలో ఉన్న రోజుల్లోనే దళం జీనుపనివాడు వేసిన అతుకు కూడా ఉండొచ్చు. దారం రంగు, మురికి, అరుగుదల చుట్టుపక్కల తోలుతో కలిసిపోయి ఉంటే అది ఆ వస్తువు చరిత్రలో భాగం. దాన్ని విప్పి 'సరిచేయడం' నా దృష్టిలో తప్పు.

నకళ్ల సంగతి కూడా స్థితి పరీక్షలోనే తేలుతుంది. శామ్ బ్రౌన్ హోల్‌స్టర్లకు కొత్త నకళ్లు భారత్‌లో, కాన్పూరు పరిసరాల్లో ఇప్పటికీ చేస్తారు. సినిమాలకు, చరిత్ర ప్రదర్శనలకు అవి వెళ్తాయి, అందులో మోసం ఏమీ లేదు. వాటిని టీ డికాక్షన్‌తోనో మట్టితోనో ముసలివాటిని చేసి అమ్మడంలోనే మోసం. తెగిన అంచును భూతద్దంతో చూస్తే తోలు మధ్యలో నీలి బూడిదరంగు గీత కనిపిస్తే అది క్రోమియంతో పదును చేసింది. మద్రాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1903లో క్రోమ్ పద్ధతి మొదలుపెట్టాడు గానీ, అప్పటి హోల్‌స్టర్ల తోలు అంచు నుంచి అంచుకు గోధుమరంగే. నకిలీలో అరుగుదల అంతటా సమంగా ఉంటుంది. నిజమైనదానిలో బెల్టు వైపు ఒరుసుకున్న వీపు, చెయ్యి తగిలే మూత అంచు, మొన ఎక్కువ అరుగుతాయి. లోపల రివాల్వర్ సిలిండర్ ఉబ్బు తోలులో ముద్రలా నిలిచిపోయి ఉంటుంది. బాణపు ములుకు ముద్ర గుంటలో కూడా చుట్టూ ఉన్నంత మురికీ మెరుపూ ఉండాలి. పాత తోలులో కొత్తగా కొట్టిన ముద్ర అంచులు పగిలి, గుంట అడుగున లేత రంగు బయటపడుతుంది.

మూత లోపల సిరాతో రాసిన పేరు, హోదా, దళం కనిపిస్తే గుడ్డ కూడా తగిలించకండి. ముందు పక్క నుంచి వెలుతురు పడేలా ఫొటో తీసుకోండి. ఒక మామూలు హోల్‌స్టర్‌ను ఫలానా మనిషిదిగా చేసేది ఆ వెలసిన రెండు గీతలే. సబ్బుతో కడిగి అవి పోగొట్టుకున్నవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మరి ఏం చేయాలి? చేతులు కడుక్కుని ఆరబెట్టుకుని, మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. లోపలి ఆకారం కూలిపోకుండా ఆమ్లం లేని పలచటి కాగితాన్ని ఉండలుగా చేసి వదులుగా నింపండి. వార్తాపత్రిక కాగితం వద్దు, దానిలో ఆమ్లం ఉంటుంది. ప్లాస్టిక్ సంచీలో బిగించొద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం దగ్గర నిలకడగా ఉంటే తోలుకు హాయి. 65 దాటితే బూజు భయం మొదలవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్లలో వానాకాలంలో అది మామూలే కాబట్టి గోడకు ఆనించిన బీరువా అడుగు అరలో పెట్టకండి. చిన్న తేమ మీటరు, సిలికా జెల్ పొట్లాలు పెద్ద ఖర్చేమీ కాదు. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో చిక్కు తిరగబడుతుంది, తేమ మరీ పడిపోయి తోలు బిరుసెక్కుతుంది. ఆ రోజుల్లో మూతను పదేపదే తెరవకపోవడమే దానికి చేసే మేలు. చిన్న చిన్న గుండ్రటి రంధ్రాలు, పొట్టు లాంటి విడిచిన చర్మాలు కనిపిస్తే తోలు తినే పెంకుపురుగు చేరిందని గుర్తు. దాన్ని వెంటనే వేరుచేయాలి.

రెడ్ రాట్ ముదిరినదాన్ని తిరిగి ఆరోగ్యవంతం చేసే మందు లేదు. రాలడాన్ని ఆపే పద్ధతి మాత్రం ఉంది. హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌ను నీళ్లలో కాకుండా ఆల్కహాల్‌లో పలచగా కలిపి పూస్తారు. ఆల్కహాల్ ఆరిపోయాక అది వదులైన పోగులను పట్టి ఉంచుతుంది. క్లూసెల్-జి అనే పేరుతో పరిరక్షకులు వాడేది ఇదే. రంగు కొంచెం ముదరొచ్చు. పేరు రాసిన చోట, ముద్రల మీద అనుభవం లేని చెయ్యి దీన్ని పూయకూడదు. విలువైన వస్తువయితే పరిరక్షణ విభాగం ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియం లాంటి చోట, లేదా లక్నోలోని జాతీయ సాంస్కృతిక సంపద పరిరక్షణ పరిశోధనాలయంలో నిపుణుల సలహా అడగడం మంచిది.

హోల్‌స్టర్‌లో రివాల్వర్ పెట్టి దాచడం రెంటికీ చేటు. బెరడు తోలులోని ఆమ్లం, అది పీల్చుకునే చెమ్మ కలిసి ఉక్కును తుప్పు పట్టిస్తాయి. ఆ తుప్పులోని ఇనుము తోలులోకి దిగి టానిన్‌తో కలిసి నల్లమచ్చలవుతుంది, పోగులను ఇంకా త్వరగా చివికిస్తుంది. ఖాళీ తోలు సంచీకి లైసెన్సు అక్కర్లేదు. పనిచేసే వెబ్లీకి మాత్రం 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. 1915 నాటి హోల్‌స్టర్ ఆ వయసు దాటేసింది. కాబట్టి విదేశాల్లో ఉన్న బంధువుకో కొనుగోలుదారుకో పార్సిల్ కట్టే ముందు భారత పురావస్తు సర్వే శాఖ కార్యాలయంలో అడిగి, అది పురావస్తువు కిందికి వస్తుందో రాదో రాతపూర్వకంగా తేల్చుకోండి.